నాలుగు వందల మాటలు, ముప్పావు గంట

నా మొదటి వ్యాసానికి పదకొండు రోజులు పట్టింది. రాయమన్నది నాలుగు వందల మాటలే. ఇప్పుడైతే అంత వ్యాసానికి నాకు ముప్పావు గంట చాలు. విషయం ఆత్రేయపురం పూతరేకులు. 2016 నాటి మాట ఇది. మా చిన్నవాడు ఒకటో తరగతిలో చేరాక పగటిపూట నాలుగు గంటలు నా చేతికి వచ్చాయి. ఊళ్ళ గురించి, వంటల గురించి, గోదావరి గురించి చిన్న చిన్న వ్యాసాలు వేసే ఒక తెలుగు సైటు వాళ్ళు కొత్తగా రాసేవాళ్ళ కోసం చూస్తున్నారని తెలిసి, నేను రాస్తానండీ అని ఫోను చేశాను.

రాజమండ్రి నుంచి ఆత్రేయపురం ఎంతో దూరం కాదు. ధవళేశ్వరం బ్యారేజీ ఎక్కి బొబ్బర్లంక మీదుగా వెళ్ళిపోవచ్చు. వెళ్ళాను. రెండిళ్ళలో పొద్దున్నించి మధ్యాహ్నం దాకా కూర్చుని చూశాను. ఒక ప్యాకెట్టు కొనుక్కుని ఇంటికొచ్చాను. చూడాల్సిందంతా ఆ ఒక్క పూటలోనే చూసేశాను. మరి పదకొండు రోజులూ ఏం చేశానంటే, మూడు రోజులు దొరికినవన్నీ చదివి పద్దెనిమిది పేజీల నోట్సు రాసుకున్నాను. ఆ తర్వాత మొదటి పేరా తొమ్మిదిసార్లు రాశాను. "ఆంధ్రులు అతిథి మర్యాదలకు పెట్టింది పేరు" అని ఒకసారి, "అనాదిగా మన సంస్కృతిలో తీపికి విశిష్ట స్థానం ఉంది" అని ఇంకోసారి. ప్రతిసారీ రెండు వాక్యాలు కాగానే చెయ్యి ఆగిపోయేది. మిగతా వ్యాసమంతా పదో రోజు రాత్రి పిల్లలు పడుకున్నాక, లేవకుండా ఒక్క బిగిన వచ్చేసింది.

పంపిన మర్నాడు సైటులో వ్యాసాలు దిద్దే డెస్కు నుంచి ఫోను. "మేడం, మీ మొదటి రెండు పేరాలూ తీసేశానండి. ఏమీ అనుకోకండి. మూడో పేరాలో కుండ ఉంది చూడండి, వ్యాసం అక్కణ్ణించే మొదలవుతోంది."

ఆ కుండ పేరా ఇది: పొయ్యి మీద కుండ బోర్లించి ఉంటుంది. కింద ఎండు కొబ్బరాకు మంట. ఆవిడ పక్కనే గిన్నెలో పాలలా పల్చగా కలిపిన బియ్యప్పిండి. గుడ్డముక్క రెండు చేతులా పట్టుకుని అందులో ముంచి, కుండ వీపు మీద ఒక్క లాగు లాగుతుంది. చుయ్‌మంటుంది. మనం రెప్ప వేసి తెరిచేలోపు తెల్లటి రేకు లేచి ఉంటుంది. వేలి కొసలతో తీసి పక్కన పెట్టి మళ్ళీ గుడ్డ ముంచుతుంది. మాట్లాడుతూనే ఉంటుంది, చెయ్యి మాత్రం ఆగదు.

ఫోను పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చున్నాను. తీసేసిన ఆ రెండు పేరాలకే నాకు దాదాపు వారం పట్టింది.

అప్పటినుంచి లెక్క రాయడం మొదలుపెట్టాను. పిల్లవాడి పాత రూళ్ళ పుస్తకంలో తేదీ వేసి, చదవడానికి ఎంతసేపు, ఊరికే కూర్చోడానికి ఎంతసేపు, రాయడానికి ఎంతసేపు, దిద్దడానికి ఎంతసేపు అని. ఆరు వ్యాసాలయ్యాక కూడి చూస్తే ఒక్కోదానికి సగటున తొమ్మిది గంటలు తేలింది. అందులో అక్షరాలు కొట్టడానికి పట్టింది గంటంపావు. నేనేమో అంతవరకూ నా వేళ్ళు నెమ్మది, అందుకే ఆలస్యమవుతోంది అనుకుంటూ వచ్చాను. తొమ్మిది గంటల్లో ఏడు గంటలు నేను ఏం చెప్పాలో నాకు తెలియక పోయినవే.

అలాగని టైపింగు సంగతి పట్టించుకోకుండా వదల్లేదు. మొదట్లో ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగులోకి మారే పద్ధతి వాడేదాన్ని. ళ కావాలంటే షిఫ్టు, ణ కావాలంటే షిఫ్టు. మనసులో ఒక మాట అనుకుంటే దాన్ని ముందు ఇంగ్లీషు స్పెల్లింగులోకి దింపి, అది మళ్ళీ తెలుగై పైకి తేలేదాకా చూడాలి. అందుకని తెలుగు అక్షరాలకే నేరుగా మీటలుండే ఇన్‌స్క్రిప్టు కీబోర్డు నేర్చుకున్నాను. ఎడమచేతి వైపు అచ్చులు, గుణింతాలు. కుడిచేతి వైపు హల్లులు. మూడు వారాలు నరకంలా ఉంది, నాలుగో వారానికి చెయ్యి తిరిగింది. దాంతో వ్యాసానికి ఇరవై నిమిషాలు కలిసొచ్చాయి. బాగానే ఉంది, కానీ తొమ్మిది గంటల్లో ఇరవై నిమిషాలే.

2017 ఆగస్టులో ఫోన్లో తెలుగు చెబితే రాసుకునే సదుపాయం వచ్చింది. అది నాకు ఇంకో రకంగా ఉపయోగపడింది. కూర తాలింపు వేస్తూ ఫోను గట్టు మీద పెట్టి చెప్పేదాన్ని. చుక్కలూ కామాలూ ఏమీ పెట్టదు. గోదావరికి ఆనకట్ట కట్టించిన "కాటన్ దొర" పేరు చెబితే "కాటన్ ధర" అని రాసింది ఒకసారి. దిద్దడానికే సగం టైము పోతుంది. కానీ అలా నోటితో చెప్పినప్పుడు నేనెప్పుడూ "అనాదిగా" అని మొదలుపెట్టలేదు. పొయ్యి దగ్గర నిలబడి ఎవరూ అలా మాట్లాడరు కదా. నోటితో చెప్పిన చిత్తుప్రతుల్లో మొదటి వాక్యం దాదాపు ప్రతిసారీ అలాగే ఉంచేసేదాన్ని.

అసలు మార్పు మా అత్తయ్యగారి వల్ల వచ్చింది. ఆవిడకి చూపు తగ్గింది, పేపరు చదవలేరు. వినడమంటే ప్రాణం. మధ్యాహ్నం భోజనాలయ్యాక వరండాలో చాట ముందు పెట్టుకుని చింతపండు గింజలు తీస్తూ, "ఇవాళ దేని గురించి రాస్తున్నావమ్మాయ్?" అని అడుగుతారు. మొదట్లో ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేదాన్ని. ఒకరోజు ధవళేశ్వరం లాకుల గురించి రాయాలి. నోట్సంతా ముందేసుకుని రెండు గంటలుగా కూర్చున్నాను, కలం కదల్లేదు. విసుగొచ్చి బయటికి వస్తే ఆవిడ మామూలుగానే అడిగారు.

"గోదాట్లోంచి పడవలు కాలవలోకి దిగడానికి లాకులు కట్టారు అత్తయ్యగారూ, వాటి గురించి."

చింతపండు మీంచి చెయ్యి తీసేసి నావైపు తిరిగారు. "దిగడమేమిటి? కాలవ పల్లంలో ఉంటుందా?"

"అవును, బ్యారేజీకి పైన నీళ్ళు ఎత్తుగా ఉంటాయి కదండీ, కాలవ కిందికి ఉంటుంది."

"మరి పడవ జారిపోదూ?"

అప్పుడు చెప్పాను. పడవ ముందు ఒక గదిలాంటి చోటికి వస్తుందనీ, వెనక తలుపులు మూసేస్తారనీ, ఆ గదిలో నీళ్ళు మెల్లగా కిందికి వదిలితే పడవ కూడా నీళ్ళతోపాటు దిగుతుందనీ, కాలవ మట్టానికి రాగానే ముందు తలుపులు తీస్తారనీ. ఆవిడ రెండు అరచేతుల్నీ తలుపుల్లా పెట్టి, "అంటే మెట్టు దింపినట్టు" అన్నారు. లోపలికి వెళ్ళి రాశాను. ఆవిడ మొదటి ప్రశ్న రెండో పేరా, రెండో ప్రశ్న మూడో పేరా. మెట్టు దింపినట్టు అన్నది కూడా పెట్టేశాను. యాభై నిమిషాలు పట్టింది.

అప్పటినుంచి ఆవిడకి ఒక్క వాక్యంలో చెప్పకుండా ఏ వ్యాసానికీ కూర్చోలేదు. ఆవిడ ప్రశ్న వేస్తే వ్యాసం ఉన్నట్టే. "ఊఁ" అని మళ్ళీ చాట వైపు తిరిగిపోయారంటే, నేను చెప్పాల్సింది నాకే ఇంకా దొరకలేదన్నమాట. అలాంటి రోజు నేను రాయను. వేరే దానికి వెళ్తాను. ఇంట్లో వినేవాళ్ళు లేనివాళ్ళు ఏం చెయ్యాలని నన్ను ఒకరిద్దరు అడిగారు. కూరగాయల బండి అబ్బాయికైనా చెప్పండి అన్నాను, నిజంగానే అన్నాను. ఆ విషయంతో సంబంధం లేని మనిషే కావాలి.

ఒక వ్యాసంలో రెండు వ్యాసాల సరుకు కుక్కడం కూడా నాకు చాలా టైము తినేసిన అలవాటు. 2017 వానాకాలంలో ఒకసారి ధవళేశ్వరం వెళ్ళి కాటన్ మ్యూజియం చూశాను, లాకుల దగ్గర కూర్చున్నాను, తిరిగొస్తూ పులస అమ్మేవాళ్ళతో మాట్లాడాను. సముద్రంలో ఉన్నప్పుడు విలస అంటారు, వరద నీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చాక పులస అవుతుంది, పుస్తెలమ్మైనా పులస తినాలంటారు కదా. అన్నీ కలిపి "ధవళేశ్వరంలో ఒక రోజు" అని మొదలుపెట్టాను. రెండు వారాలు కుస్తీ పట్టాను. ప్రతి పేరా చివరా, "ఇక పులస సంగతికి వస్తే" అని అతుకు వెయ్యాల్సి వచ్చేది. ఆ అతుకుల దగ్గరే ఆగిపోయేదాన్ని. డెస్కు సార్ చూసి, "ఇందులో మూడు వ్యాసాలున్నాయండి మేడం, మూడింటికీ డబ్బులిస్తాను, విడదీసి పంపండి" అన్నారు. విడదీస్తే ఒక్కోదానికి గంట కూడా పట్టలేదు. అతుకులు అక్కర్లేదు కదా.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. నాకు దొరికే సమాచారంలో చాలాభాగం ఇంగ్లీషులో ఉండేది. పక్కన ఇంగ్లీషు పేజీ పెట్టుకుని రాస్తే నడక ఎద్దుబండి నడకే. "ఆనకట్ట నిర్మాణం 1847లో ప్రారంభించబడింది, దీని ద్వారా డెల్టా ప్రాంతం సస్యశ్యామలం చేయబడింది" అని రాశాను ఒకసారి. అత్తయ్యగారికి చదివితే, "ఎవరు చేశారు?" అన్నారు. ఎవరూ చెయ్యలేదు, దానంతటదే చేయబడింది! ఆ తర్వాత పద్ధతి మార్చాను. ఇంగ్లీషుది రాత్రి చదువుతాను. మూసేస్తాను. పొద్దున్న దాన్ని తెరవకుండా, గుర్తున్నది గుర్తున్నట్టు తెలుగులో రాస్తాను. "1847లో పని మొదలుపెట్టారు. ఐదేళ్ళు పట్టింది" అని వచ్చేస్తుంది. మర్చిపోయిందంటే అది వ్యాసానికి అంత ముఖ్యం కాదనుకుంటాను. అనువాదం చెయ్యడం కష్టమైన పని, దానికి వేరే ఓపిక కావాలి. చిన్న వ్యాసానికి ఆ కష్టం అనవసరం.

ఇక నా తప్పు చెప్పాలి. 2018 మే 15. సర్ ఆర్థర్ కాటన్ పుట్టినరోజు, 1803లో పుట్టారాయన. మా గోదావరి జిల్లాల్లో ఆ రోజు ఊరూరా విగ్రహాలకు దండలు వేస్తారు. ముందురోజు సాయంత్రం నలభై నిమిషాల్లో వ్యాసం రాసి పంపించేశాను. అంతవరకూ అదే నా వేగంలో రికార్డు. అందులో ఒక వాక్యం: "కాటన్ దొర 1852లో పూర్తిచేసిన బ్యారేజీ మీంచే ఇవాళ్టికీ మన బస్సులు వెళ్తున్నాయి."

మధ్యాహ్నం రెండు గంటలకు డెస్కు వాళ్ళు ఒక పెద్దాయనకి నా నంబరు ఇవ్వొచ్చా అని అడిగి ఇచ్చారు. ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరైన మనిషి. గొంతులో కోపం లేదు, అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

"తల్లీ, చక్కగా రాశావు. కాటన్ గారు కట్టింది ఆనకట్ట. రాతిగోడ. నీళ్ళు దాని నెత్తిమీంచి పొర్లి పోతాయి. ఇప్పుడు నువ్వు బస్సులో వెళ్ళేది బ్యారేజీ. స్తంభాలు, గేట్లు, పైన రోడ్డు. 1982లో పూర్తయింది. ఆ పనిలో నేనూ ఉన్నానమ్మా, కుర్రాణ్ణి అప్పుడు. ఆయన పేరే పెట్టుకున్నాం, సంతోషంగానే పెట్టుకున్నాం. కానీ మేం కట్టింది కూడా ఆయనకే రాసేశావు."

నాకు మాట రాలేదు. క్షమించండి బాబాయిగారూ అన్నాను. సాయంత్రానికి డెస్కు వాళ్ళు దిద్దారు, కింద సవరణ కూడా వేశారు. కానీ ఆ ఉదయం చదివినవాళ్ళు చదివేశారు. ఎండలో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళని ఒక్క వాక్యంతో లేకుండా చేసేశాను. ఆ వాక్యం రాయడానికి నాకు అర నిమిషం పట్టి ఉంటుంది.

అప్పణ్ణించి రాసేటప్పుడు ఏ అంకె వచ్చినా, ఏ పేరు వచ్చినా, ఏ సంవత్సరం వచ్చినా పక్కన "చూడాలి" అని కొట్టేసి ముందుకు వెళ్ళిపోతాను. ఆగి వెతకను. మధ్యలో ఆగితే నడక పోతుంది, ఒక సంవత్సరం కోసం వెళ్ళి గంట తర్వాత ఎక్కడో తేలతాను. అంతా అయ్యాక పైనుంచి కిందికి "చూడాలి"లన్నీ ఒక్కొక్కటే సరిచూస్తాను. ఒక్క "చూడాలి" మిగిలినా పంపను. నా ముప్పావు గంటలో ఇప్పటికీ ఇదే పావుగంట. మిగతా అరగంట ఇంకా తగ్గించొచ్చేమో, దీన్ని తగ్గించను.

సరిచూసిన ప్రతిదీ ఒక పుస్తకంలోకి ఎక్కుతుంది. అట్ట గట్టిగా ఉండే పొడుగు ఖాతా పుస్తకం, మెయిన్ రోడ్డులో కొన్నాను. ఎడమవైపు విషయం, కుడివైపు అంకె, పక్కన ఎక్కడ చూశానో. ఒక్కసారి సరిచూసింది రెండోసారి వెతకక్కర్లేదు. మొదటి ఏడాది పెద్దగా తేడా తెలియలేదు. మూడో ఏడాదికి మా ప్రాంతం మీద ఏ వ్యాసం రాసినా సగం అంకెలు ఆ పుస్తకంలోనే దొరికేవి. వేగంగా రాస్తున్నావు ఎలా అని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఆ పుస్తకమే. అందులో కొన్ని కొట్టివేతలు కూడా ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి, ఆత్రేయపురం తూర్పు గోదావరి కాదు, కోనసీమ అయింది. ఆ రోజు కూర్చుని పుస్తకమంతా తిరగేసి ఊరి పేర్ల పక్కన జిల్లాలు ఎర్రసిరాతో మార్చుకున్నాను. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు నా పాత వ్యాసాన్ని కొత్తగా రాయమంటే, ఆ ఎర్రసిరా నన్ను కాపాడింది.

వేగంగా రాయకూడని రోజులు కూడా ఉంటాయి. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడ్డానికి బయల్దేరిన పడవ కచ్చులూరు దగ్గర మునిగింది. ఆ సాయంత్రం ఇంకొక చోటి నుంచి నాకు ఫోను వచ్చింది. గంటలో ఏదైనా రాసివ్వండి, మీకు ఆ దారి తెలుసు కదా అన్నారు. తెలుసు. రెండుసార్లు వెళ్ళాను ఆ దారిలో. ఎంతమంది ఉన్నారు, ఎంతమంది బయటపడ్డారు అన్నది గంట గంటకీ మారిపోతోంది. ఇళ్ళల్లో వాళ్ళు ఆ అంకె కోసమే ఎదురు చూస్తున్నారు. నా పుస్తకంలో ఆ రోజుకి పనికొచ్చే అంకె ఒక్కటీ లేదు. రాయనండీ అన్నాను. ఆ పడవని అక్టోబరు 22న బయటికి లాగారు. ఆ తర్వాత కొన్నాళ్ళకి, ఆ చోట గోదావరి ఎందుకంత లోతుగా, సుళ్ళు తిరుగుతూ ఉంటుందో మాత్రం రాశాను. దానికి నాలుగు రోజులు తీసుకున్నాను, కావాలనే.

కానీ 2022 జూలైలో మాత్రం వేగం కావాల్సి వచ్చింది. ఎగువన భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం 71 అడుగులు దాటింది. 1986 తర్వాత అంతెత్తు ఎప్పుడూ లేదు. ధవళేశ్వరంలో 175 గేట్లూ ఎత్తేశారు, మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. పొద్దున్న ఐదున్నరకి డెస్కు సార్ ఫోను చేశారు. "మేడం, మూడో హెచ్చరిక అంటే ఊళ్ళన్నీ మునిగిపోతాయా అని అడుగుతున్నారు జనం. వాట్సాప్‌లో ఏవేవో తిరుగుతున్నాయి. ఏడింటికి వెయ్యగలమా?"

పుస్తకం తీశాను. ధవళేశ్వరం పేజీ 2018 నుంచీ ఉంది. మొదటి హెచ్చరిక 11.75 అడుగుల దగ్గర, అంటే సుమారు 10 లక్షల క్యూసెక్కులు కిందికి వెళ్తున్నప్పుడు. రెండోది 13.75 దగ్గర, 13 లక్షలు. మూడోది 17.75 దగ్గర, 17 లక్షలు. భద్రాచలంలో ఆ మూడు హెచ్చరికలూ 43, 48, 53 అడుగుల దగ్గర. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర వెళ్ళింది సుమారు 35 లక్షలు. అత్తయ్యగారు నిద్ర లేచే ఉన్నారు, రేడియో పెట్టుకుని. "అత్తయ్యగారూ, హెచ్చరిక అంటే మునగడం కాదు, నీళ్ళు ఏ ఎత్తుకొస్తే ఎవరు కదలాలో చెప్పడం" అన్నాను. "భద్రాచలంలో తగ్గుతోందిట కదా, మరి ఇక్కడెందుకు పెరుగుతోంది?" అన్నారు. అదే రెండో పేరా. అక్కడ దాటిన నీళ్ళు ఇక్కడికి రావాలి కదా, అందుకని అక్కడ తగ్గింది కదా అని ఇక్కడ వెనక్కి వెళ్ళిపోకూడదు. క్యూసెక్కంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్లు, రెండు బిందెల నీళ్ళనుకోండి అని మూడో పేరా. గోదావరి మధ్య లంకల్లో వాళ్ళు ఎవరి మాట వినాలి, పశువుల్ని ఎప్పుడు తోలుకు రావాలి అన్నది అధికారులు చెప్పింది చెప్పినట్టు నాలుగో పేరా. మూడు వందల యాభై మాటలు. "చూడాలి"లు రెండే వచ్చాయి, రెండూ ఆ ఉదయానివి. వాటికి పావుగంట. ఆరూ యాభైకి పంపాను.

ఆ వేగం ఆ పొద్దున్న వచ్చింది కాదు. నాలుగేళ్ళుగా ఖాతా పుస్తకంలో ఒక్కొక్క గీతా గీసుకుంటూ వచ్చాను, ఆ పొద్దున్న దాన్ని విప్పాను అంతే.

తొమ్మిది గంటలకి మా పెదనాన్నగారి అమ్మాయి ఫోను చేసింది. కోనసీమలో ఒక లంక ఊళ్ళో ఉంటారు వాళ్ళు. "చెల్లీ, నువ్వు రాసింది మా మావగారికి చదివి వినిపించానే. అంతా విని ఒక్క మాట అడిగారు. ఇన్ని లక్షల క్యూసెక్కులంటే మన రేవులో ఎన్నో మెట్టూ? అని."

నా దగ్గర జవాబు లేదు. వాళ్ళకి నీళ్ళు అడుగుల్లో రావు, మెట్ల మీద వస్తాయి. 86లో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఆయనకి గుర్తుంది, రాములవారి గుడి అరుగు తడిసిందట. పక్కనే కూర్చుని అక్క అడుగుతుంటే, ఆయన చెబుతుంటే, ఫోను స్పీకర్లో పెట్టుకుని రాసుకున్నాను. ఆ సాయంత్రం రెండో వ్యాసం రాశాను. పాత వరదల్ని గుర్తుపెట్టుకున్న పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఉంటే, ఇవాళే వాళ్ళ పక్కన కూర్చుని ఏ మెట్టు, ఏ అరుగు, ఏ చెట్టు అని అడిగి రాసి పెట్టుకోండి అని. అది రాయడానికి ముప్పై అయిదు నిమిషాలు పట్టింది. అంకెలు తక్కువ, అన్నీ ఆయన మాటలే.

వరద తీశాక అక్కతో ఒక ఒప్పందం చేసుకున్నాను. రేవు మెట్లకి పైనుంచి కిందికి వరసగా సున్నంతో అంకెలు వేయించింది. గోదావరికి కొత్తనీరు వచ్చినప్పుడల్లా పొద్దున్నే మెట్టు నంబరు చెబుతుంది. నేను ఆ రోజు ధవళేశ్వరం అడుగులు పక్కన రాసుకుంటాను. ఖాతా పుస్తకంలో దానికి వేరే పేజీ పెట్టాను. తేదీ, అడుగులు, మెట్టు. మొన్న వానలకి ఫోను చేసి "పద్నాలుగు" అంది. పేజీ తీసి చూశాను. మొదటి హెచ్చరికకి ఇంకా మూడు మెట్లుంది. "మావగారితో చెప్పు, పశువులు ఇవాళ్టికి లంకలోనే ఉండొచ్చు, రేపు పొద్దున్న మళ్ళీ చూడమను" అన్నాను.